రిమోట్ నొక్కితే పడవ ఎట్లా తిరుగుతుంది? టెస్లా తొట్టి నుంచి వడ్డేపల్లి చెరువు దాకా

మొన్న ఆదివారం సాయంత్రం హన్మకొండ వడ్డేపల్లి చెరువులో మా మేనల్లుడి పడవ ఆగిపోయింది. పుట్టినరోజుకు వచ్చిన బొమ్మ పడవ, ఎర్రటిది, మూరెడు పొడుగు. ఒడ్డు నుంచి ఓ ముప్పై అడుగులు పోయేదాకా బుద్ధిగా మాట విన్నది. ఆ తర్వాత ఎంత నొక్కినా ఉలకదు, పలకదు. గాలికి మెల్లగా గుర్రపుడెక్క వైపు కొట్టుకుపోతుంటే వాడు మెట్ల మీద గొంతుకు కూర్చుని రెండు బొటనవేళ్లతో నొక్కుతూనే ఉన్నాడు. థర్మాకోల్ తెప్ప మీద వల తీస్తున్న ఒకాయన చూసి నవ్వాడు. "ఏందన్నా, నీ పడవ మాట ఇంటలేదా?"

ఆయనే తెచ్చిచ్చాడు. ఇంటికి వస్తుంటే బండి వెనక కూర్చున్న వాడు అడిగాడు. "మామా, వార్తల్ల పెద్ద పెద్ద ఓడల్ని పేల్చే డ్రోన్ పడవలు చూపిస్తున్నరు కదా, అవి గూడ ఇట్లాంటియేనా?"

అవునంటే సగం తప్పు, కాదంటే మిగతా సగం తప్పు. 2022 నుంచి నల్ల సముద్రంలో మనుషులు లేని పడవలు యుద్ధనౌకల మీద దాడులు చేస్తున్న వార్తలు చదివి, ఇదేదో కొత్త వింత అనుకునేవాళ్లున్నారు. అదే పడవను చూసి "మా పిల్లగాడి బొమ్మ కూడా ఇంతే" అని తేల్చేసేవాళ్లూ ఉన్నారు. రెండిటి చుట్టరికం తెలియాలంటే నూట ఇరవై ఏళ్లకు పైగా వెనక్కి పోవాలి. దానికంటే ముందు ఒక మాటను విడదీయాలి.

రిమోట్ అనే ఒక్క మాటలో మూడు పనులు

టీవీ రిమోట్, కారు తాళం, బొమ్మ పడవ, అన్నిటికీ మనం రిమోట్ అనే అంటాం. మామూలు టీవీ రిమోట్ పంపేది కంటికి కనబడని వెలుతురు. మధ్యలో మనిషి అడ్డం నిలబడితే అందదు. పడవ రిమోట్ పంపేది రేడియో తరంగం. అందుకే దాన్ని రేడియో కంట్రోల్, పొట్టిగా ఆర్‌సీ అంటారు. దారి ముందే నేర్పించి వదిలితే తనంతట తాను పోయే పడవ మళ్లీ వేరు. దాన్ని నడిపేది ఒడ్డున ఉన్న మనిషి కాదు, లోపలి ప్రోగ్రాం.

ఆర్‌సీ పడవలో మూడు పనులు జరుగుతాయి. ఊళ్లో దండోరా వేసినట్టు అనుకోండి. డప్పు మోత చెవిన పడటం ఒక పని. ఏం చెప్పాడో అర్థం కావడం రెండోది. విన్నవాడు లేచి పని చేయడం మూడోది. పడవలో కూడా కబురు అందాలి, అది 'కుడికి' అన్నదా 'ఎడమకు' అన్నదా తేలాలి, ఆపైన చుక్కాని కదలాలి. చేతిలో ఉండేది ట్రాన్స్‌మిటర్, పడవలో కబురు అందుకునేది రిసీవర్, చుక్కానిని తిప్పే అగ్గిపెట్టెంత డబ్బా సర్వో. మోటారుకు ఎంత కరెంటు పోవాలో చూసేది ఈఎస్‌సీ, అంటే ఎలక్ట్రానిక్ స్పీడ్ కంట్రోలర్.

చానల్ అనే మాట దగ్గర చాలామంది తికమక పడతారు. రేడియోలో చానల్ అంటే ఒక ఫ్రీక్వెన్సీ, అంటే తరంగం సెకనుకు ఎన్నిసార్లు ఊగుతుందన్న లెక్క. ఆర్‌సీ షాపులో "రెండు చానళ్ల రిమోట్" అంటే రెండు వేరువేరు పనులు చేయించగలదని, అంటే చుక్కాని ఒకటి, మోటారు ఒకటి. ఒకే మాట, రెండు అర్థాలు. కొనేటప్పుడు చాలామంది బోల్తా పడేది ఇక్కడే.

ఈ చరిత్రను మామూలుగా రేడియో చరిత్రగానే చెబుతుంటారు. కానీ మొదటి పని, అంటే కబురు అందడం, 1898కే అయిపోయింది. మిగతా రెండు పనులు కుదురుకోవడానికి ఇంకో అరవై ఏళ్లు పట్టింది. తమాషా అంతా అక్కడే ఉంది.

1898: తొట్టిలో ఇనుప పడవ

ఆ ఏడు న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో విద్యుత్ ప్రదర్శన జరిగింది. నికోలా టెస్లా అక్కడ పెద్ద నీళ్ల తొట్టిలో దాదాపు నాలుగడుగుల ఇనుప పడవను వదిలాడు. తీగ లేదు, తాడు లేదు. ఆయన ఇటు మీట కదిపితే అది అటు తిరిగేది, దీపాలు ఆర్పి వెలిగించేది. చూసినవాళ్లకు రేడియో అనే మాటే తెలియని కాలం. మంత్రమన్నారు, మనసుతో నడుపుతున్నాడన్నారు, లోపల కోతిని కూర్చోబెట్టాడని కూడా అన్నారట. 64కు ఘనమూలం ఎంతని ఎవరో పడవను అడిగితే దీపాలు నాలుగుసార్లు మినుకుమన్నాయని ఒక కథ ఉంది. లెక్క చేసింది పడవ కాదు, మీట దగ్గర నిలబడ్డ టెస్లా. ఆ ఏడాది నవంబర్ 8న ఆయనకు 613,809 నంబరు పేటెంటు వచ్చింది.

పడవ లోపల కబురు అందుకున్నది కొహీరర్ అనే గాజు గొట్టం. అందులో లోహపు రజను పోసి ఉంటుంది. మామూలుగా ఆ రజను రేణువులు వదులుగా ఉండి కరెంటును పోనివ్వవు. రేడియో తరంగం తగలగానే ఒకదానికొకటి అతుక్కుని కరెంటుకు దారి ఇస్తాయి. ఫ్రెంచ్ శాస్త్రజ్ఞుడు ఎడ్వర్డ్ బ్రాన్లీ 1890లో ఈ గుణాన్ని చూపించాడు. చిక్కేమిటంటే, అతుక్కున్న రేణువులు వాటంతట అవి విడిపోవు, గొట్టాన్ని తట్టి విడగొట్టాలి. టెస్లా ప్రతి కబురుకూ గొట్టమే తలకిందులయ్యేటట్టు ఏర్పాటు చేశాడు. మన దేశంలో జగదీశ్ చంద్ర బోసు అంతకు మూడు నాలుగేళ్ల ముందే కలకత్తా టౌన్ హాల్లో గోడల అవతల ఉన్న గంటను రేడియో తరంగాలతో మోగించి, తుపాకీ మందును పేల్చి చూపించాడు. కబురు అందించడం అప్పటికే తెలిసిన విద్య.

మరి కొహీరర్‌కు వచ్చిన భాష ఎంత? ఒక్క మాట. "కబురొచ్చింది", అంతే. కుడికా, ఎడమకా, ఎంత అన్నది దానికి తెలియదు. అందుకే టెస్లా ఒక చక్రం పెట్టాడు. కబురు వచ్చినప్పుడల్లా అది ఒక మెట్టు తిరుగుతుంది. మెట్టు మారితే చుక్కాని మోటారుకు కరెంటు పోయే దారి మారుతుంది. కుడి, నిటారు, ఎడమ, నిటారు అన్న వరస అట్లా తిరుగుతూనే ఉంటుంది. ఈ చక్రాన్ని గుర్తుపెట్టుకోండి. యాభై ఏళ్ల తర్వాత ఇంగ్లండ్ పిల్లల పడవల్లో మళ్లీ కనబడుతుంది.

మొదటివాడు ఎవరు?

జవాబు మనం దేన్ని లెక్కలోకి తీసుకుంటామనే దాని మీద ఉంటుంది. టెస్లాకు ముందే, 1897లో, బ్రిటన్‌లో ఎర్నెస్ట్ విల్సన్, సి.జె. ఇవాన్స్ అనేవాళ్లు టార్పెడోలను, అంటే నీళ్లలో పోయి ఓడను పేల్చే ఆయుధాలను, తీగ లేకుండా నడిపే పద్ధతి మీద పని చేశారు. థేమ్స్ నదిలో పడవలు నడిపి చూపించారనీ చెబుతారు, కానీ వాళ్లు సరిగ్గా ఏం చేశారన్నదాని మీద రాతలు ఒకదానికొకటి పొసగవు. స్పెయిన్ వాళ్లను అడిగితే తమ ఇంజనీరు లియోనార్డో తోరెస్ కెవెదో పేరు చెబుతారు. 'తెలెకినో' అనే తన యంత్రాన్ని ఆయన 1903లో పారిస్ సైన్స్ అకాడమీకి చూపించాడు. 1906లో బిల్బావో రేవులో రాజు ఆల్ఫోన్సో 13 ఎదుట ఒడ్డునుంచే పడవను నడిపాడు.

తోరెస్ వైపు వాదించేవాళ్ల మాటలో బలం ఉంది. టెస్లా చక్రం వరసగా తిరుగుతుంది, కావాల్సిన మెట్టు వచ్చేదాకా ఆగాల్సిందే. తోరెస్ యంత్రం మాత్రం ఎన్ని దెబ్బలు వచ్చాయో లెక్కపెట్టి, ఒక దెబ్బకు ఒక పని, రెండు దెబ్బలకు ఇంకో పని అని ఎంచుకుంటుంది. అంటే అర్థం చేసుకునే పని మొదట సరిగ్గా చేసింది తెలెకినో. జనం ముందు నడిపి చూపించి పేటెంటు చేతిలో పెట్టుకున్న మొదటివాడు ఎవరంటే మాత్రం టెస్లాయే. నా మట్టుకు నాకు తొట్టి ప్రదర్శన ఎంత ఆకర్షణగా అనిపించినా, యంత్రంగా చూస్తే తెలెకినోకే ఎక్కువ మార్కులు వేస్తాను.

టెస్లా తన పడవను యుద్ధానికే ఊహించాడు. అమెరికా నౌకాదళం పట్టించుకోలేదు. మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మన్లు పేలుడు మందు నింపిన పడవలను ఒడ్డు నుంచి నడిపారు, 1917 అక్టోబర్ 28న బెల్జియం తీరంలో అలాంటిదొకటి బ్రిటిష్ నౌక ఎరెబస్‌ను గుద్దింది. నౌక దెబ్బతిన్నది గానీ మునగలేదు. కానీ ఒక మెలిక ఉంది. ఆ పడవ రేడియోతో నడిచింది కాదు, వెనక విప్పుకుంటూ పోయే పొడుగాటి తీగతో నడిచింది. పైన విమానం నుంచి చూసేవాడు ఒడ్డుకు చెప్పేది మాత్రం రేడియోలో. యుద్ధాల మధ్య కాలంలో బ్రిటన్ 'సెంచూరియన్', అమెరికా 'యూటా' అనే పాత యుద్ధనౌకలను రేడియోతో నడిపి, ఫిరంగి గురి నేర్చుకోవడానికి వాడుకున్నాయి. ఇవన్నీ సర్కారు డబ్బుతో నడిచిన వ్యవహారాలు. సరదాగా పడవలు చేసుకునేవాడికి రేడియో ఇంకా అందని మానిపండే.

రేడియో రాకముందు చెరువు గట్టున

అయితే మోడల్ పడవల సరదా రేడియో కోసం ఆగలేదు. ఇనవోలు జాతరలో అమ్మే రేకు పడవ గుర్తుందా? లోపల నూనె వత్తి వెలిగిస్తే టకటకమంటూ పళ్లెంలో తిరిగేది. అలాంటి పడవకు 1891లోనే బ్రిటన్‌లో పేటెంటు ఉంది. పెద్దవాళ్లు ఇంకా పెద్దవి చేసుకునేవాళ్లు, ఆవిరి ఇంజన్లు, పెట్రోలు ఇంజన్లు పెట్టి. బ్రిటన్‌లో మోడల్ పవర్ బోట్ అసోసియేషన్ 1924లో మొదలైంది. మరి ఒడ్డు నుంచి తిప్పే దారి లేకుండా పందెం ఎట్లా? చెరువు మధ్యలో గుంజ పాతి, దానికి తీగతో పడవను కట్టి గుండ్రంగా తిప్పేవాళ్లు. గానుగ ఎద్దులాగే, కాకపోతే వేగం భయంకరం. ఇంకో రకం పందెంలో చుక్కానిని ముందే సరిచేసి వదిలితే అవతలి ఒడ్డున గుర్తుల మధ్య నుంచి పోవాలి. తెరచాప పడవలకైతే గాలి వాటాన్ని బట్టి చుక్కానిని తిప్పే చిన్న రెక్క ఉండేది. గాలే సరంగు అన్నమాట.

యాభైల్లో పడవ: కుడికి తిరగాలంటే ముందు ఎడమకు

వాల్వులంటే ట్రాన్సిస్టర్లకు ముందు రేడియోల్లో వెలిగే గాజు బుడ్లు. వాటి కాలంలో రేడియో చిన్నదైంది గానీ తేలికైనది కాలేదు. వాల్వు వెలగడానికి ఒక బ్యాటరీ, పని చేయడానికి 45, 67.5 వోల్టుల ఇంకో బ్యాటరీ. విమానం మోడళ్లు చేసేవాళ్లకు ఆ బరువు ప్రాణసంకటం, పడవ వాళ్లు మాత్రం సర్దుకోగలిగారు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అభిరుచి కోసం చేసే రేడియో సెట్లు విడివిడిగా అమ్మకానికి వచ్చాయి.

అప్పటి పడవలో చుక్కానిని తిప్పేది ఎస్కేప్‌మెంట్. మెలితిప్పిన రబ్బరు బ్యాండు శక్తితో తిరగాలని చూసే చిన్న చక్రం, దాన్ని ఆపి పట్టుకున్న ఒక కొక్కెం. చేతిలో ఉండేది ఒక్క బటన్. నొక్కి పట్టుకుంటే చుక్కాని కుడికి పోతుంది, వదిలితే నిటారు. మళ్లీ నొక్కి పట్టుకుంటే ఈసారి ఎడమకు, వదిలితే నిటారు. టెస్లా చక్రమే, వేషం మార్చుకుని వచ్చింది.

దీన్ని మన చెరువులో ఊహించుకుందాం. పడవ కుడికి తిరిగి నిటారుగా పోతోంది. ఎదురుగా గుర్రపుడెక్క, మళ్లీ కుడికే తిప్పాలి. కానీ వరసలో ఇప్పుడు ఎడమ వంతు. అందుకని బటన్‌ను చటుక్కున నొక్కి వదలాలి. చుక్కాని ఎడమకు ఒక్క క్షణం పోయి నిటారుకు వస్తుంది. ఆ వెంటనే మళ్లీ నొక్కి పట్టుకుంటే కుడి. మొదటి నొక్కు కాస్త ఆలస్యమైతే పడవ ఎడమకే పోతుంది. నొక్కుల లెక్క మరిచిపోతే ఇక దేవుడే దిక్కు. పైగా రబ్బరు బ్యాండు విప్పుకుపోతే ఆట ముగిసినట్టే.

కావాల్సిన వైపు నేరుగా తిప్పే వీలు రీడ్ సెట్లతో వచ్చింది. రిసీవర్‌లో వేరువేరు పొడుగుల పలుచని ఉక్కు రేకులు ఉంటాయి, హార్మోనియంలో ఉన్నట్టు. ఒక్కో స్వరానికి ఒక్కో రేకు అదిరి తన స్విచ్చును తాకుతుంది. 'స' పంపితే కుడి, 'రి' పంపితే ఎడమ అనుకోండి. ఎటు అన్న ప్రశ్న తీరింది. ఎంత అన్నది మాత్రం అట్లాగే మిగిలింది.

స్విచ్చు నుంచి రెగ్యులేటర్ దాకా

ఇంట్లో ఫ్యానుకు స్విచ్చూ ఉంటుంది, రెగ్యులేటరూ ఉంటుంది. స్విచ్చుకు తెలిసింది వేయడం, ఆపడం. రెగ్యులేటర్‌కు 'కొంచెం' అనే మాట తెలుసు. అరవైల్లో ట్రాన్సిస్టర్లు చవకయ్యాక పడవకు కూడా ఆ మాట వచ్చింది. దీన్నే ప్రపోర్షనల్ కంట్రోల్ అంటారు. రిమోట్ మీద బటన్‌కు బదులు ఉండే చిన్న కర్రను ఎంత వంచితే చుక్కాని అంతే వంగుతుంది. నన్నడిగితే ఈ చరిత్రలో టెస్లా తొట్టి తర్వాత చెప్పుకోవాల్సింది ఇదే. బయటివాళ్లు దీన్ని పట్టించుకోరు, ఎందుకంటే చూడటానికి ఇందులో వింతేమీ లేదు.

ఇది పని చేసే తీరు చూడండి. రిసీవర్ నుంచి సర్వోకు సెకనుకు దాదాపు 50 సార్లు, అంటే 20 మిల్లీసెకన్లకొకసారి ఒక కరెంటు పలుకు వెళ్తుంది. ఆ పలుకు ఎంతసేపు ఉంటే అదే ఆజ్ఞ. 1.5 మిల్లీసెకన్లు ఉంటే చుక్కాని నిటారు, 1 మిల్లీసెకను అయితే ఒక కొస, 2 అయితే రెండో కొస. ఒక్కో వైపు 45 డిగ్రీలు తిరిగే సర్వో అనుకుందాం. అర మిల్లీసెకనుకు 45 డిగ్రీలు. కర్రను కొద్దిగా కదిపితే పలుకు 1.6 అయింది, నిటారు కంటే 0.1 ఎక్కువ. చుక్కాని సరిగ్గా 9 డిగ్రీలు తిరుగుతుంది.

అది 9 దగ్గర ఎట్లా ఆగుతుంది? సర్వో లోపల మోటారుతో పాటు పాత రేడియో వాల్యూం మరలాంటిది ఒకటి ఉంటుంది. చుక్కాని ఇప్పుడు ఎక్కడుందో అది చెబుతుంది. వచ్చిన ఆజ్ఞ ఒక తక్కెడ పళ్లెంలో, ఉన్న చోటు రెండో పళ్లెంలో. ముల్లు మధ్యకు వచ్చేదాకా మోటారు తిరుగుతుంది, వచ్చాక ఆగుతుంది. నీటి తోపుడుకు చుక్కాని కాస్త జరిగినా తక్కెడ ఒరుగుతుంది, మోటారు మళ్లీ సరిచేస్తుంది.

ఒకే తరంగం మీద ఆరు పనుల ఆజ్ఞలు పంపడం కూడా ఈ లెక్కతోనే కుదిరింది. ఒకదాని వెనక ఒకటి పంపితే ఎంత పొడుగైనా ఆరు రెళ్ల పన్నెండు మిల్లీసెకన్లు. ఇరవైలో ఇంకా ఎనిమిది మిగిలాయి. ఆ మౌనమే రిసీవర్‌కు గుర్తు, "ఇక మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టు" అని. ఈ పలుకుల కొలతలు ఇవాళ్టి సర్వోల్లోనూ దాదాపు అవే.

ఒకే చెరువులో రెండు రిమోట్లు, ఆపైన 2.4 గిగాహెర్ట్జ్

సద్దుల బతుకమ్మ రోజు పద్మాక్షి గుట్ట దగ్గర పక్కపక్కనే రెండు డీజేలు పెడితే ఏ పాటా వినబడదు. ఒకే ఫ్రీక్వెన్సీలో రెండు రిమోట్లు పెడితే పడవకూ అదే గతి. 27 మెగాహెర్ట్జ్ కాలంలో ఫ్రీక్వెన్సీకి ఒక రంగు పెట్టుకున్నారు. 26.995 గోధుమ, 27.045 ఎరుపు, 27.095 నారింజ, 27.145 పసుపు, 27.195 ఆకుపచ్చ, 27.255 నీలం. ఫ్రీక్వెన్సీని నిర్ణయించే చిన్న క్రిస్టల్ ముక్కను రిమోట్‌లో, పడవలో జంటగా మార్చుకోవాలి. ఏరియల్‌కు ఆ రంగు జెండా కట్టుకోవాలి. ఈ లెక్కన చెరువులో ఒకేసారి ఆరు పడవలే. ఏడో మనిషి ఒడ్డున కూర్చుని చూడాలి, లేదా ఎవరో ఒకరి బ్యాటరీ దిగిపోవాలి. ఎవరి వంతు నడుస్తోందో తెలియడానికి బల్ల మీద రంగు క్లిప్పులు పెట్టేవాళ్లు.

2000 దశకం మధ్యలో 2.4 గిగాహెర్ట్జ్ సెట్లు వచ్చి ఈ గొడవను తీసేశాయి. మన దేశంలో కూడా ఈ బ్యాండును తక్కువ శక్తి పరికరాలకు 2005లో లైసెన్సు లేకుండా వదిలారు. వైఫై, బ్లూటూత్ తిరిగేది కూడా ఇందులోనే. మరి ఇంత రద్దీలో పడవ తన కబురును ఎట్లా పోల్చుకుంటుంది? చాలా సెట్లు ఫ్రీక్వెన్సీని వెంటవెంటనే మారుస్తుంటాయి. జాతరలో తప్పిపోకుండా ఇద్దరు ముందే ఒక వరస అనుకున్నారనుకోండి, మొదట గుడి ముందు, తర్వాత రంగులరాట్నం దగ్గర, ఆ తర్వాత కొబ్బరికాయల దుకాణం. ఎక్కడైనా తోపులాట ఉంటే ఆ ఒక్కచోట కలవరు, మిగతా చోట్ల కలుస్తారు. రిమోట్‌ను పడవకు పరిచయం చేసే 'బైండింగ్' పని ఇదే, ఎవరు ఎవరితో కలవాలో తేల్చుకోవడం.

ఇక్కడ సినిమా నటి హెడీ లామార్ పేరు తప్పకుండా వస్తుంది. ఆమె, సంగీతకారుడు జార్జ్ ఆంథైల్ కలిసి 1942లో తీసుకున్న పేటెంటు, టార్పెడోను నడిపే రేడియోను శత్రువు చెడగొట్టకుండా 88 ఫ్రీక్వెన్సీల మధ్య గెంతించడం గురించి. పియానోకు ఉండే మెట్లు కూడా 88. "వైఫైని కనిపెట్టిన నటి" అని పంచుకునే పోస్టులు కాస్త ఎక్కువ చేస్తాయి. టెస్లా 1903 పేటెంట్లలోనే ఒకటికి మించిన ఫ్రీక్వెన్సీలను కలిపి వాడే ఆలోచన ఉంది, లామార్ పద్ధతిని అప్పట్లో నౌకాదళం వాడనూ లేదు. అట్లాగని అది ఉత్త పుకారూ కాదు. పేటెంటు నిజం, ఆలోచన పక్కాగా ఉంది, పైగా అది పుట్టింది నీళ్లలో పోయేదాన్ని దూరం నుంచి నడపడం కోసమే.

ఇంకో అపోహ, "2.4 గిగాహెర్ట్జ్ నీటికి సరిగ్గా తగిలే ఫ్రీక్వెన్సీ, మైక్రోవేవ్ ఓవెన్ పనిచేసేది అందుకే". కాదు. మామూలు వేడిమిలో ఉన్న నీరు అన్నిటికంటే ఎక్కువ పీల్చుకునేది దాదాపు 20 గిగాహెర్ట్జ్ దగ్గర. అయినా 2.4 దగ్గర కూడా కొద్ది సెంటీమీటర్ల నీరు చాలు కబురును మింగేయడానికి. అందుకే మునిగి తిరిగే సబ్‌మెరైన్ మోడళ్లు నడిపేవాళ్లు ఇప్పటికీ 40, 75 మెగాహెర్ట్జ్ పాత సెట్లను వదలరు.

నీటి పైభాగంలో కూడా ఒక పేచీ ఉంది. కబురు పడవకు రెండు దారుల్లో వస్తుంది, నేరుగా ఒకటి, నీటి మీద పడి లేచి ఇంకొకటి. ఏటవాలుగా తాకి లేచినప్పుడు తరంగం తలకిందులవుతుంది. రెండు దారుల పొడుగూ దాదాపు ఒకటే కాబట్టి ఒకదాన్నొకటి చెరిపేసుకుంటాయి. నిలకడ నీటి మీద వేసే లెక్క ప్రకారం, కొంత దూరం దాటాక రిమోట్ ఎత్తు రెండింతలైతే అందే శక్తి నాలుగింతలవుతుంది. పడవలో తీగ రెండు సెంటీమీటర్ల ఎత్తు నుంచి ఎనిమిదికి పెరిగితే శక్తి పదహారింతలు, దూరం రెండింతలు. గొంతుకు కూర్చున్నవాడు లేచి నిలబడితే పడవ మాట వినడంలో మహిమేమీ లేదు.

ఇటుక తేలడం, మోడల్ తేలడం

రేడియో సంగతి అట్లా ఉంచితే, మోడల్ పడవను చేసేవాడి అసలు తలనొప్పి బరువు. రామప్ప గుడి విమానంలో వాడిన ఇటుకలు నీళ్లలో తేలతాయని మనందరికీ తెలుసు. ఆ ఇటుక ఎంత పెద్దదైనా ముక్కలు చేసినా తేలుతుంది, దాని లోపలంతా గాలి రంధ్రాలే. పడవ అట్లా కాదు. ఎంత నీటిని పక్కకు నెడుతుందో అంత బరువే మోయగలదు. చిన్నది చేసేకొద్దీ ఆ బరువు ఊహించనంతగా పడిపోతుంది.

లక్నవరంలో తిరిగేలాంటి పడవ 10 మీటర్ల పొడుగు, 8 టన్నుల బరువు, గంటకు 18 కిలోమీటర్ల వేగం అనుకుందాం. 25వ వంతు మోడల్ చేస్తే పొడుగు 40 సెంటీమీటర్లు. బరువు 25వ వంతు కాదు. పొడుగు, వెడల్పు, లోతు మూడూ తగ్గుతాయి కాబట్టి 25ను మూడుసార్లు హెచ్చవేయాలి, 15,625వ వంతు. అంటే 512 గ్రాములు. మోటారు, బ్యాటరీ, రంగులు, పడవ పైన నిలబెట్టిన బొమ్మలు అన్నీ కలిపి అర కిలో!

వేగం ఇంకో రకంగా తగ్గుతుంది. పడవ లేపే అలల తీరు అసలుదానిలా కనబడాలంటే వేగాన్ని 25తో కాదు, దాని వర్గమూలంతో భాగించాలని విలియం ఫ్రూడ్ అనే ఇంగ్లిష్ ఇంజనీరు తేల్చాడు. 1870లలో ఇంగ్లండ్‌లోని టార్కీలో పెద్ద తొట్టి కట్టి మోడళ్లను లాగి చూశాడు. 18ని 5తో భాగిస్తే గంటకు 3.6 కిలోమీటర్లు, సెకనుకు ఒక మీటరు. మోడల్ అంతకంటే జోరుగా పోతే చూసేవాళ్లకు వెంటనే బొమ్మలా కనిపిస్తుంది. ఈ లెక్క సరదా కోసమే కాదు, విశాఖపట్నంలో డీఆర్‌డీవో వారి నౌకా పరిశోధనశాల ఎన్‌ఎస్‌టీఎల్ ఇప్పటికీ నౌకల మోడళ్లను తొట్టిలో లాగి చూసేది ఈ సూత్రం మీదే.

ఆ 512 గ్రాముల్లోకి పాత రోజుల 6 వోల్టుల సీసం బ్యాటరీ పట్టదు, అదే ముప్పావు కిలో తూగుతుంది. ఇప్పటి లిథియం సెల్లు రెండు కలిపినా 90 గ్రాములే. బ్రష్‌లెస్ మోటార్లు, లిథియం బ్యాటరీలు వచ్చాక వేగాలు పెరిగాయని అందరూ చెబుతారు. నిజమే. కానీ అంతకంటే, చిన్న పడవ కూడా సరైన మట్టంలో తేలడం వీటివల్లే కుదిరింది. లిథియం బ్యాటరీ నీళ్లు తాగినా, సొట్టపడినా మంటలు రేపే ప్రమాదం ఉందన్నది దీనికి అవతలి వైపు.

సరదా, కొలువు, యుద్ధం

ఈ సరదాలోనూ తెగలున్నాయి. అసలు ఓడను మేకులతో సహా దింపేవాళ్లు, వేగం పిచ్చివాళ్లు, తెరచాప వాళ్లు. ఒక మీటరు పొడుగుండే ఐఓఎం (ఇంటర్నేషనల్ వన్ మీటర్) తరగతి తెరచాప పడవకు ఇంజను ఉండదు, రెండే చానళ్లు, ఒకటి చుక్కానికి, ఒకటి చాప తాళ్లకు. డబ్బాలోంచి తీసి నీళ్లలో వదిలే రెడీమేడ్ పడవ ఈ లెక్కలోకి వస్తుందా రాదా అన్నది పాతకాపుల మధ్య తెగని పంచాయితీ. చేతితో చేయకపోతే ఏం తెలుస్తుందని ఒకరు, రెడీమేడ్ లేకపోతే కొత్తవాళ్లు ఎట్లా వస్తారని ఇంకొకరు. మన దగ్గర పిల్లలకు చేతితో చేసే దారి ఒకటి ఉంది, ఎన్‌సీసీ నేవల్ వింగ్ పోటీల్లో షిప్ మోడలింగ్ ఒక విభాగం.

ఇక మా మేనల్లుడి ప్రశ్న. 2022 అక్టోబర్ 29న నల్ల సముద్రంలో రష్యా నౌకాదళం ఉండే సెవస్తోపోల్ రేవు మీదికి మనుషులు లేని పడవలు వచ్చాయి. ఎరెబస్‌ను తీగ పడవ గుద్దిన రోజుకు ఇది నూట అయిదేళ్ల ఒక రోజు. 2024 ఫిబ్రవరిలో ఉక్రెయిన్ 'మగురా' పడవలు రష్యా నౌక ఇవనోవెట్స్‌ను ముంచేశాయి. చుక్కానికి ఆజ్ఞ పంపడం అన్నంతవరకు ఇవి టెస్లా పడవ వారసులే. తేడా కబురు తిరిగి రావడంలో ఉంది. మా చెరువులో పడవను చూసేది వాడి కళ్లు. అక్కడ నడిపేవాడు వందల కిలోమీటర్ల అవతల ఉండి, పడవ కెమెరా ఉపగ్రహం ద్వారా పంపే దృశ్యాన్ని చూస్తాడు. బొమ్మ పడవకు చెవి మాత్రమే ఉంది, యుద్ధపు పడవకు కన్నూ నోరూ కూడా వచ్చాయి. కొందరు దీన్ని ఒకే వంశం అంటారు. ఇంకొందరు, మోడల్ పడవ అంటే కంటికి కనిపించేంత దూరంలో ఉండేదేననీ, అది దాటితే వేరే జాతి అనీ అంటారు. చట్టం కూడా దీన్ని పూర్తిగా తేల్చదు. మన డ్రోన్ రూల్స్ 2021 గాల్లో ఎగిరేవాటికే, నీటి మీద తిరిగేవాటి ఊసు అందులో లేదు.

ఇదంతా వాడికి పదిహేను నిమిషాల్లో చెప్పబోయి సగంలో ఆపేశాను. ఇంటికొచ్చి నాలుగు స్క్రూలు విప్పితే పడవ అడుగున చెంచాడు నీళ్లు. ఆ నీళ్లలో బొద్దింక మీసమంత నల్లటి తీగ, మూడు సెంటీమీటర్లుంటుంది, అడ్డంగా పడి ఉంది. 2.4 గిగాహెర్ట్జ్ తరంగం పొడుగు పన్నెండున్నర సెంటీమీటర్లు, అందులో పావు వంతు. రిసీవర్ చెవి అదే. తుడిచి, ఆరబెట్టి, ఫ్రూటీ స్ట్రా ముక్కను పైకప్పు రంధ్రంలో నిలబెట్టి తీగను అందులోకి దూర్చాను. మర్నాడు పొద్దున మళ్లీ అదే మెట్ల దగ్గర. వాడు అలవాటుగా గొంతుకు కూర్చోబోతే, "లేచి నిలబడు" అన్నాను. పడవ గుర్రపుడెక్క దాకా పోయి, వాడు కర్ర తిప్పగానే తిరిగి ఒడ్డుకు ముఖం పెట్టింది.